ముందు కూడా బస్సే ఉంది

ఫిబ్రవరి 3, సోమవారం

ఇక మీదట చెప్పాలనిపించినవన్నీ ఇందులోనే రాసుకుంటాను. నోటితో అంటే ఎవడో ఒకడు పట్టుకుపోతున్నాడు.

పెళ్లికి ముందు నుంచీ కండక్టరు ఉద్యోగమే చేస్తున్నాను, అరుస్తూనే ఉన్నాను. ఏనాడూ ఎవరూ నా గొంతు గురించి పట్టించుకోలేదు. పోయిన వానాకాలం ఒకబ్బాయి ఫోన్లో వీడియో తీశాడు. తలుపు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు, ముందు సగం బస్సు ఖాళీ. "ముందుకు జరగండి బాబూ, ముందు కూడా బస్సే ఉంది! వెనకాల ఏమైనా బెల్లం పూశారా?" అన్నాను. రోజూ అనే మాటే. ఆ వీడియో ఊళ్లన్నీ తిరిగింది. నాలుగు రోజులు నవ్వుకుని మరిచిపోతారులే అనుకున్నాను.

ఇప్పుడు అదే మాట మోకాళ్ల నూనె ప్రకటనలో వస్తోంది. టీవీలో, ఫోన్లలో, డిపో ఎదురుగా ఉన్న మందుల షాపు స్పీకర్లో. "ముందుకు జరగండి, ముందు కూడా బస్సే ఉంది! మోకాళ్లు సహకరించట్లేదా? మా నూనె రాయండి. సులువుగా, సుఖంగా నడవండి. మాత్రల సంచి సాగనంపండి!" మొదటి ముక్క నాదే. మిగతావి నేను అననే లేదు. అయినా నా గొంతే. పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడూ 'సాగనంపండి' అనలేదు. నేనైతే 'అవతల పారేయండి' అంటాను.

నా పై పన్ను సగం విరిగి ఉంటుంది. కొత్తలో సడన్ బ్రేకుకి కడ్డీ తగిలి విరిగింది. అప్పటి నుంచి 'స' అన్నప్పుడల్లా సన్నగా ఈల వస్తుంది. ఆ ఈల కూడా దించేశారు. ఇంటికి దొంగలొచ్చి చీపురు కూడా వదలకుండా ఊడ్చుకుపోయినట్టుంది.

నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అయినా నాకేం బాధ లేదు. చిరాకు, అంతే.

ఫిబ్రవరి 5

మా ఆయన షాపులో రిపేరుకి మిక్సీలిచ్చే వాళ్లందరికీ ఆ ప్రకటన చూపించి మరీ చెబుతున్నారట, మా ఆవిడే అని. ఇంటికొచ్చి, "సెలబ్రిటీవైపోయావోయ్" అన్నారు. పైగా దాన్నే ఫోన్ రింగుగా పెట్టుకున్నారు. ఆయనకి ఎవరు ఫోన్ చేసినా నేను అరుస్తున్నాను.

తీసెయ్యమన్నాను.

"ఉండనీవోయ్. నువ్వు డ్యూటీలో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. మీ అమ్మ కూడా సంబరపడుతోంది."

అమ్మకి చూపు మసకబారి చాలా కాలమైంది. ముందు గదిలో మంచం మీద కూర్చుని అడుగుల చప్పుడుని బట్టి, గొంతులని బట్టి మనుషుల్ని పోల్చుకుంటుంది. రింగు మోగినప్పుడల్లా "వచ్చావుటే?" అంటోందట.

ఫిబ్రవరి 8

ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, అందరిదీ ఒకటే పాట. "అక్కా, నూనె రాసుకున్నావా?" కాలేజీ పిల్లలు టికెట్ తీసుకోకముందే నా మాట నాకే అప్పజెబుతున్నారు. నవ్వినట్టు మొహం పెడుతున్నాను.

ఇవాళ ఒక పెద్దాయన చేతికర్రతో ఎక్కి నా ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా, నువ్వు చెప్పావనే కొన్నాను. నొప్పి తగ్గకపోగా రెండింతలైంది."

"నేను చెప్పలేదండీ."

"నువ్వు చెప్పకపోతే మీ అమ్మమ్మ చెప్పిందా? నీ గొంతు నాకు తెలీదూ? రోజూ ఈ బస్సులోనే కదా చస్తున్నాను!"

బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. దిగేటప్పుడు, "నమ్మి కొన్నానమ్మా" అన్నాడు. ఆ మాట దిగకుండా నాతోనే డిపో దాకా వచ్చింది.

ఫిబ్రవరి 10

ఇవాళ నోరు విప్పలేదు. డిపోలో ఇచ్చిన ఈలే ఊదాను, ఆపమంటే ఒకసారి, పోనిమ్మంటే రెండుసార్లు. చిల్లర చేతిలో పెట్టి ఊరుకున్నాను.

డ్రైవరన్న టీ దగ్గర అడిగాడు. "ఏం చెల్లెమ్మా, బస్సు మూగబోయింది? బావగారితో పోట్లాటా?"

తల అడ్డంగా ఊపాను.

"నువ్వరవకపోతే నాకు నిద్రొచ్చేస్తోంది. స్టీరింగు నా చేతుల్లో ఉంది, గుర్తుంచుకో."

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని ఊరికే అనలేదు.

ఫిబ్రవరి 14

ఇంట్లో కూడా మాట తగ్గిపోయింది. కావాలని కాదు. రోజంతా బిగబట్టిన నోరు ఇంటికి రాగానే తెరుచుకోమంటే తెరుచుకోదు.

"ఏమే, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?" అంది అమ్మ.

"అలిసిపోయానమ్మా."

"అలిసిపోతే ఇంకా ఎక్కువ తిట్టేదానివి కదే."

పళ్లెం ముందు పెట్టి వచ్చేశాను. బీపీ మాత్రలు ఇంకా తనే చూసుకుంటుంది. సంచిలో తడిమి, గుండ్రటిది పొద్దున, పొడుగుది సాయంత్రం. నాకంటే ఆవిడకే బాగా గుర్తు.

ఫిబ్రవరి 17

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. విరిగిన పన్ను అరగదీసి తొడుగు వేశాడు. ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు వేయించుకుంటున్నారని అడిగాడు. గట్టివి నమలలేకపోతున్నానని చెప్పాను.

దారిలో ఎవరూ వినకుండా ఆ మాటలు పలికి చూసుకున్నాను. సులువు. సుఖం. సంచి. ఈల లేదు. ఎవరో పక్కింటావిడ మాట్లాడుతున్నట్టుంది.

హాయిగా ఉంది.

ఫిబ్రవరి 22

ఇవాళ ఒక్కరు కూడా పోల్చుకోలేదు. హాయిగానే ఉంది.

ఫిబ్రవరి 27

అమ్మ పడిపోయింది.

ఫిబ్రవరి 28

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. గండం గడిచిందన్నారు. బీపీ మరీ ఎక్కువైపోయి, స్నానాల గది గుమ్మంలో తూలి పడిందట. నుదుటి మీద కుట్లు, ఎడమ చేతికి కట్టు.

డాక్టరు మాత్రలు చూపించమంటే ఆయన ఇంటికి పరిగెత్తి, మంచం కింద పెట్టెలోంచి సంచి తెచ్చారు. మూతి ముడివేసి, పైన తాడు కట్టి ఉంది. లోపల మాత్రలు మాత్రలుగానే ఉన్నాయి. ఎన్నాళ్ల నుంచి ముట్టుకోలేదో.

"ఎందుకు మానేశావమ్మా?" అన్నాను.

"అమ్మాయి చెప్పింది."

"ఏ అమ్మాయి?"

"నా అమ్మాయే. కండక్టరు. మాత్రల సంచి సాగనంపమంది. రోజూ చెప్పేది. పెద్దదాన్నని ఊరుకోకుండా ఇన్నిసార్లు చెబుతుంటే కాదనలేక కట్టేశాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాను. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. ముందుకు జరగండి, ముందు కూడా బస్సే ఉంది. అమ్మ మొహం ఒక్కసారిగా అటు తిరిగింది. "ఇదుగో, వచ్చింది" అంది.

ఆయన గబగబా ఫోన్ నొక్కేసి బయటికి వెళ్లిపోయారు. తిరిగి వచ్చేసరికి రింగు మార్చేశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమని అనను? ఆయన నవ్వుకి పెట్టుకున్నారు. నేను నవ్వులపాలవుతున్నానని పన్ను కట్టించుకున్నాను. ఇంట్లో దాన్ని నిజమని నమ్మింది ఆవిడ ఒక్కతే.

మార్చి 3

మొన్న ఇంటికి తెచ్చాం. దెబ్బకి కాస్త తికమక పడుతోంది. నన్ను 'నర్సమ్మా' అంటోంది. డాక్టరు కొన్నాళ్లు అంతే అన్నారు.

"నేనమ్మా."

"నువ్వంటే ఎవరమ్మా? మా అమ్మాయి అన్నదంటే ఈల వేసినట్టుంటుంది. నీది సాఫుగా ఉంది."

మాత్ర నోటి దాకా తీసుకెళ్తే పెదాలు బిగిస్తోంది. మా అమ్మాయి వద్దంది, మా అమ్మాయి వద్దంది, ఇదే జపం. అన్నంలో కలిపి పెడితే నాలికతో వెతికి మరీ ఉమ్మేసింది. ఆయన బతిమాలితే ఒక పూట వేసుకుంటే ఇంకో పూట కాదంటోంది. మళ్లీ బీపీ అలా పెరిగితే ఈసారి కాలో చెయ్యో పడిపోవచ్చని డాక్టరు హెచ్చరించారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు.

మార్చి 5

లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. మెట్ల కింద చిన్న గది, ఫ్యాను గుయ్యిమంటోంది. ఆయన లోపలికి వెళ్లగానే స్క్రూడ్రైవరు తీసి దాన్ని బాగుచేయబోయారు. కూర్చోబెట్టాను.

ఆవిడ ప్రకటన విని, పాత వీడియో చూసి, నిమ్మళంగా చెప్పింది. "మీ మొహం, మీ పేరు, మీ గొంతు మీవి. బస్సులో నలుగురి ముందూ మాట్లాడినంత మాత్రాన అవి ఊరుమ్మడి సొత్తు అయిపోవు. మిమ్మల్ని అడక్కుండా సరుకు అమ్ముకోడానికి వాడుకోకూడదు. మీతో అనని మాట అనిపించడం ఇంకా పెద్ద తప్పు."

"మరి మా అమ్మ పడిపోయింది?"

"అది కూడా రాద్దాం. వాళ్లు అన్నది నొప్పి మాత్రల గురించేనని తప్పించుకుంటారు. ముందుగా ప్రకటన ఆపమని నోటీసు పంపుదాం."

బయటికొచ్చాక ఆయన, "ఆ ఫ్యాను బేరింగు పోయింది" అన్నారు. ఇంకేమనాలో తెలీక అన్నారని నాకు తెలుసు.

మార్చి 11

కంపెనీ వాళ్ల జవాబు వచ్చింది. లాయరమ్మ చదివి వినిపించింది. ఆ గొంతు కంప్యూటరు తయారుచేసిందట. అందులో వినబడే కంఠం ఏ వ్యక్తిదీ కాదట.

ఏ వ్యక్తిదీ కాదు.

లాయరమ్మ అడిగింది. "ఒకసారి మీరే ఆ మాట అనండి, రికార్డు చేసుకుందాం." అన్నాను. ఆవిడ నా నోటి వంక చూసింది. "ఈల ఏదండీ?"

తొడుగు సంగతి చెప్పాను. కాసేపు నుదురు రుద్దుకుంది. "పాత వీడియో ఉంది, డాక్టరు దగ్గర ఎక్స్‌రే ఉంటుంది, ఫరవాలేదు" అంది గానీ, మొహం ఫరవాలేదన్నట్టు లేదు. ఎవరి ఎదుటైనా నన్ను మాట్లాడమంటే, ఈవిడ గొంతుకీ దానికీ పోలికే లేదని వాళ్లే అంటారు. దొంగ నా ఇంట్లో దర్జాగా కూర్చుంటే, నేను తాళంచెవి నూతిలో పారేసుకుని వాకిట్లో నిలబడ్డాను.

పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. తీసేస్తారా అన్నాను. తీసినా పాత ఈల రాదట. అరగదీసింది అరిగిపోయినట్టేనట.

మార్చి 13

కంపెనీ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. గొంతు నెయ్యి రాసినట్టుంది. అమ్మగారి విషయం నోటీసులో చదివి చాలా బాధపడ్డారట. కేసు సంగతి పక్కనపెట్టి, మనుషులుగా ఒక సాయం చేస్తామన్నాడు.

సాయంత్రం ఆయన ఫోన్‌కి ఒక ఆడియో వచ్చింది.

"అమ్మా, సమయమైంది. సంచిలో మాత్రలు తీసుకో. సరేనా? సంతోషంగా ఉండు."

నా గొంతు. నా ఈల. నేనెప్పుడూ అనని మాటలు.

ఆయన నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. అమ్మ చెవి దగ్గర పెట్టి వినిపించారు. అమ్మ నోరు తెరిచింది. గుండ్రటి మాత్ర వేసుకుని నీళ్లు తాగి, "సరేనే" అంది ఫోన్‌తో.

నేను గ్లాసు పట్టుకుని పక్కనే ఉన్నాను.

మార్చి 14

లాయరమ్మకి చెప్పాను. కోప్పడింది. "వాళ్లిచ్చింది వాడుకుంటే, రేపు ఆవిడే ఒప్పుకుంది, మా గొంతుతో ఆవిడకి పనిపడింది అంటారు. వద్దండీ."

"మా అమ్మ?"

ఆవిడ దగ్గర దానికి సెక్షన్ లేదు.

మార్చి 15

ఇవాళ వాడాం. రేపటి నుంచి వద్దు.

మార్చి 16

వాడాం. బీపీ తగ్గింది. రేపటి నుంచి వద్దు.

మార్చి 18

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన అలారంలా పెట్టేశారు. నాకూ పని తేలికైంది. నిజానికి మంచిదే. ఆవిడ మాత్ర వేసుకోవడం ముఖ్యం గానీ, ఎవరు చెబితే ఏంటి?

ఎవరు చెబితే ఏంటి.

డ్రైవరన్న ఈలకి అలవాటు పడిపోయాడు. ఏమీ అడగడం లేదు.

మార్చి 23, ఆదివారం

వివరంగా రాయాలి. ఒక్క ముక్క కూడా పోకూడదు.

ఆయన పొద్దున్నే ఎవరింటికో మోటారు బాగుచేయడానికి వెళ్లారు, ఫోన్ జేబులో పెట్టుకుని. నేను గుండ్రటి మాత్రా, గ్లాసూ పట్టుకుని అమ్మ ముందు కూర్చున్నాను.

"మా అమ్మాయి చెప్పలేదింకా" అంది.

ఏం చేయాలో తోచలేదు. సిగ్గు విడిచి చేసిన పని రాసుకుంటున్నాను. గొంతు సన్నం చేసి, నాలిక పళ్ల మధ్య పెట్టి ఈల తెప్పించాలని చూస్తూ, "అమ్మా, సమయమైంది. సంచిలో మాత్రలు తీసుకో. సరేనా?" అన్నాను. నన్ను అనుకరించేదాన్ని నేను అనుకరించాను.

అమ్మ కాసేపు విని, "బాగానే అంటున్నావమ్మా నర్సూ, కానీ నువ్వు మా అమ్మాయివి కాదు" అంది. తల పక్కకి తిప్పుకుంది. చెయ్యి విసిరింది. గ్లాసు కిందపడి నీళ్లు నా చీర మీద, మంచం మీద, నేల మీద.

ఇక నా వల్ల కాలేదు.

"ఏంటమ్మా నీ గోల! తెల్లారి లేచి నీకు వేణ్ణీళ్లు పెట్టి, ఊరందరి చిల్లరా లెక్కపెట్టి, కాళ్లు పీకుతుంటే ఇంటికొచ్చి నీ ముందు గిన్నె పట్టుకుని నిలబడితే, నువ్వు కాదంటావా? నేను కాకపోతే ఇంకెవత్తె పడుతుందే నీతో! పెట్టెలో దాచుకుంటావా మాత్రలు? అవేమైనా నగలా? మళ్లీ పడితే ఎత్తడానికి నా నడుమేమైనా ఇనపదా? ఎవత్తో డబ్బాలోంచి వాగితే సరేనంటావు, కడుపున పుట్టింది కళ్ల ముందు మొత్తుకుంటుంటే మూతి బిగిస్తావు! తెరువు నోరు! తెరుస్తావా, నన్ను తెరవమంటావా?"

పక్క వాటాలో పాత్రల చప్పుడు ఆగిపోయింది. నా గొంతు నాకే కొత్తగా, పాతగా వినిపించింది. అమ్మ కదలకుండా ఉంది. అయిపోయింది, ఉన్నదీ చెడగొట్టుకున్నాను అనుకున్నాను.

అమ్మ కట్టు లేని చెయ్యి చాపి గాలిలో తడిమింది. నా మోకాలు దొరికింది. అక్కడి నుంచి మోచెయ్యి, భుజం, చెంప. చెంప తడిగా ఉంది.

"వచ్చావుటే," అంది. "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావే?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"ఉంటే నోరేమైంది? ఆ ఫోన్లో పిల్ల అచ్చం నీలాగే మాట్లాడుతుంది గానీ, ఒక్క తిట్టు తిట్టదు. సరేనా అమ్మా, సంతోషంగా ఉండమ్మా అంటుంది. పోన్లే, నా కూతురికి ఇన్నాళ్లకి మర్యాద అబ్బిందనుకున్నాను. బుద్ధొచ్చి ముసల్దాన్ని వదిలేసి ఎక్కడికో వెళ్లిపోయిందనుకున్నాను."

మాత్రకి నోరు తెరిచింది. గ్లాసు పడిపోయిందని మరిచిపోయి నేనలా కూర్చునే ఉన్నాను.

"నీళ్లేవే? ఉత్తి మాత్ర ఎలా మింగను? ఇంత తిట్టి గ్లాసుడు నీళ్లివ్వవా?"

పరిగెత్తి తెచ్చాను.

ఆయన వచ్చాక ఆడియో తీసేయమన్నాను. ఎందుకని అడగలేదు. పక్క వాటావాళ్లు దారిలోనే చెప్పేసినట్టున్నారు. "మీ అమ్మకి సాయంత్రం మాత్ర నువ్వే వేస్తావా?" అన్నారు. తిట్టి మరీ వేస్తానన్నాను.

మార్చి 25

లాయరమ్మకి జరిగింది చెప్పాను. చాలాసేపు నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకుంది. కేసు వేశాం, కోర్టులో వాయిదా వచ్చే నెల. ప్రకటన ఇంకా వస్తూనే ఉంది. ఇవన్నీ ఒక్క రోజులో తేలేవి కావంది. తెలుసు. వాళ్లు మళ్లీ అదే అంటారు, ఏ వ్యక్తిదీ కాదని.

ఊదే ఈలని సంచిలో పడేసి బస్సెక్కాను. మొదటి స్టాపులోనే తలుపు దగ్గర మూక. డ్రైవరన్న అద్దంలోంచి చూస్తున్నాడు.

"ముందుకు జరగండి బాబూ, ముందు కూడా బస్సే ఉంది!"

ఈల లేకుండా వచ్చింది. జరిగారు. డ్రైవరన్న హారను కొట్టాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

ఒకావిడ టికెట్ తీసుకుంటూ నా మొహంలోకి చూసింది. "అచ్చం ఆ నూనె ప్రకటనలా అన్నావే! కానీ ఆవిడ గొంతే ఇంకా తియ్యగా ఉంటుంది."

"ఉంటుందమ్మా," అన్నాను. "ఆవిడకి ఇంట్లో తిట్టుకోడానికి అమ్మ లేదు పాపం. నువ్వు కాస్త ముందుకు జరుగు."